ముద్దలో పోయిన పన్ను

1938. చింతామణిలో ఒక మిద్దె ఇల్లు. మధ్యాహ్నం అన్నాల వేళ ఏడేళ్ళ మనవరాలు రాగిముద్ద తింటున్న తట్ట ముందు నుంచి ఎగిరి లేచింది.

“అవ్వా! నోట్లో నెత్తురు! ఊగులాడే పన్ను లేదు!”

“ఊడింటాది, అంతే కదమ్మా. ఉప్పునీళ్ళు పుక్కిలించు. ఇప్పుడీ తడిగుడ్డ గట్టిగా కరుసుకో... ఆ, నెత్తురు నిలిచె. పన్ను యాడ?”

“తట్టలో లేదు, కింద లేదు. అయ్యో, ముద్దతో మింగేసినా!”

“నమలకుండానా?”

“రాగిముద్ద నమలకూడదు, మింగల్లని నువ్వే కదా నేర్పిస్తివి!”

“ముద్దను మింగమంటి గానీ పన్నును మింగమంటినా? పోనీ, మింగితే ఏమీ కాదులే.”

“ఊడిన పన్ను మిద్దె మీదికి ఎయ్యకపోతే కొత్తది రాదంట! ఇంక నాకూ నీ మాదిరి బోసినోరేనా?”

“నా నోటి జోలికి రావద్దే! పన్ను ఇప్పుడు యాడుండాది?”

“నా కడుపులో.”

“నువ్వు మిద్దెక్కితే అదీ ఎక్కినట్టే కదా! పద, నిచ్చెన పట్టుకుంటా.”

“ఎక్కేసినా అవ్వా! ఊరంతా కనపడతాండాది! కొత్త పన్ను వస్తాదా?”

“వస్తాది, వస్తాది. కదలకుండా ఆడే నిలబడు.”

“నువ్వు యాడికి పోతాండావు?”

“పేడ తెచ్చేకి. పన్నును ఉత్తగా ఎస్తారా యాడన్నా? పేడలో చుట్టి కదా ఎయ్యల్ల!”