గురువారం తూటాలు

డకోటా గడ్డిభూముల్లో ఐవర్ షెడ్డు. పక్క భూమి ఆసామి వెర్లిన్ వచ్చి పావుగంటైంది, గోడకు మేకేసిన గురికాగితం మీంచి చూపు తిప్పుకోలేకపోతున్నాడు.

“ఒకే కన్నం.”

“ఊఁ.”

“రెండొందల గజాలు, అయిదు తూటాలు, ఒకే కన్నం. ఒరే ఐవర్, నాదీ ఇదే రైఫిలు, ఇదే గొట్టం. నాకేమో అయిదూ అయిదు దిక్కులకి.”

“బొరియ ఉడతలు చస్తున్నాయిగా. నీ ఆవులు ఆ బొరియల్లో కాళ్ళు విరగ్గొట్టుకోకుండా ఉంటే చాలదూ?”

“ఉడతల సంగతి కాదిది. నలభై ఏళ్ళుగా ఖాళీ తొడుగుల్లో నా చేత్తో మందు పోసి తూటాలు కట్టుకుంటున్నాను. మందు విషయంలో నన్ను మించినవాడు ఈ చుట్టుపక్కల...”

“ఏ మందు విషయంలో?”

“వెటకారం ఆపి, నువ్వు ఎంత పోస్తున్నావో చెప్పు.”

“కాఫీ తాగుతావా?”

“ఆ తూటాల డబ్బా ఇలా ఇవ్వు. చీటీ మీద రాసుంటుంది.”

“అది కాదులే వెర్లిన్, ఇది చూడు...”

“అదే ఇవ్వు. ఊఁ. ఈ ఏడు...”

“ఈ ఏడు గడ్డి బాగానే పెరిగింది.”

“సంవత్సరం కాదు, అంకె. ఏడు నడుం మీద అడ్డగీత. ఇలా రాసే మనిషి ఈ జిల్లాలో ఒక్కతే. నా పెళ్ళాం ఆర్లిస్.”

“కాఫీ చల్లారిపోతోంది.”

“నువ్వింకా పొయ్యనే లేదు. గురువారాలు చర్చిలో పాటల సాధన అంటుంది. ఇక్కడికా వస్తోంది?”

“వస్తుంది.”

“ఎన్నాళ్ళ నుంచి?”

“మంచు కరిగినప్పటి నుంచి.”

“నీ గురి చూసి కుళ్ళుకున్నా, నీ మీద నాకు గురి ఉండేదిరా. చివరికి నా ఇంటికే కన్నం వేశావన్నమాట.”

“కూర్చో. ఆ సుత్తి చూశావా?”

“బెదిరిస్తున్నావా?”

“కట్టిన తూటాలు విప్పే సుత్తి. టకటకా కొడితే గుండు ఊడొస్తుంది, వెనకే మందూ వచ్చేస్తుంది. మీ ఇంట్లో కొడితే ఆ చప్పుడు నువ్వు పోల్చుకుంటావని ఇక్కడికి తెస్తుంది.”

“ఏం తెస్తుంది?”

“నీ డబ్బాలు.”

“నావా?”

“నీ కళ్ళు త్రాసు ముల్లు చదవడం మానేశాయి వెర్లిన్. ఒక తూటాలో మందెక్కువ, ఒకదాంట్లో తక్కువ. ఒకదాంట్లో అసలే లేదు. అది పేల్చుంటే గుండు గొట్టంలో ఇరుక్కునేది. చూసుకోకుండా వెనక ఇంకోటి పేల్చుంటే ఇవాళ కాఫీ తాగడానికి నీకు మూతి మిగిలేది కాదు. ఆవిడ అన్నీ విప్పి, తూచి, మళ్ళీ కట్టి నీ అరలోనే పెడుతుంది. సుత్తి వాడుకున్నందుకు నాకూ ఓ డబ్బా కట్టి ఇస్తుంది.”

“అంటే నావీ నీవీ కట్టేది ఒకే చెయ్యి.”

“ఒకే చెయ్యి.”

“మరి నీకు ఒకే కన్నం, కట్టుకున్నవాడికి అయిదా?”

“ఒక్కసారిగా బాగా తగిలితే నువ్వు అనుమానిస్తావట. నీవాటిలో కావాలనే గింజెత్తు మందు అటూ ఇటూగా పోస్తోంది.”

“కావాలనే.”

“నీ కళ్ళ మాట నీతో అనలేక.”

“నేనొచ్చినట్టు చెప్పకు.”

“చెప్పను.”

“ఇవాళ మంగళవారమేగా?”

“అవును. ఎందుకు?”

“ఎల్లుండికి నాలుగు డబ్బాలు కట్టి, తనకి కనబడేట్టు బల్ల మీదే వదిలేస్తాను. అవన్నీ విప్పి కట్టేసరికి, నీకు కట్టే తీరిక ఉండకూడదు.”