వంతెన కింద నిలిచిన నీరు, సర్వేయరమ్మ గారు రాయని వాక్యం

1991 జూలై ఎనిమిదో తేదీ, సోమవారం ఉదయం, సర్వేయరమ్మ గారు ఈ బీమా కార్యాలయపు వాహన విభాగంలో తొలి మహిళా సర్వేయరుగా బాధ్యతలు స్వీకరించారు. నుజ్జయిన బానెట్ల కింద తల దూర్చి, షెడ్డు నేలమీద వెల్లకిలా పడుకుని నష్టాన్ని అంచనా వేసే పనిలో ఆమె ఎన్నాళ్లు నిలుస్తారోనని ముసిముసిగా నవ్వుకున్నవారంతా ఆమె కంటే ముందే వెళ్లిపోయారు.

బండి పాడవడానికి నడిపే చేయి ఎంత కారణమో నడిచే దారీ అంతే కారణమని ఆమె తొలి ఏళ్లలోనే గ్రహించారు. ఏ మలుపులో అద్దాలు పగులుతాయో, రైలు వంతెన కింద ఎంత వానకు ఎంత నీరు నిలుస్తుందో టేపుతో కొలిచి ఏటా నివేదిక సమర్పించేవారు. అమ్మతో బడికి బయల్దేరితే దారిలో గుంతలు కొలిచేసరికి మొదటి గంట పోయినట్టేనని వారి పెద్దమ్మాయి నేటికీ నవ్వుతూ చెబుతారు.

వంతెన అవతలి పేటవారికి, ఇంజన్‌లో నీరు చేరినా నష్టం చెల్లించే అదనపు రక్షణ గురించి ముందే చెప్పాలన్నది ఆ నివేదికల సారాంశం. కార్యాలయం ఆ పేట బళ్లకు ప్రీమియం పెంచింది. అదనపు రక్షణ ఊసు మాత్రం ఎవరి దగ్గరా ఎత్తలేదు.

2008 వానాకాలంలో ఒక టాక్సీ డ్రైవరు కారు అక్కడే మునిగింది. ముందు లారీ, వెనక బస్సు ఆగిపోగా మధ్యలో చిక్కుకున్నానని అతడు చెప్పింది నిజమేనని ఆమె బస్సు డ్రైవరును విచారించి తేల్చుకున్నారు. మేనేజరు ఆమెను తన గదిలోకి పిలిచారు.

"తెలిసి తెలిసి నీళ్లలోకి దింపాడని ఒక్క వాక్యం రాయండి, చాలు."

"నీళ్లొస్తాయని చెప్పి ఎక్కువ కట్టించుకున్నది మనం సార్. ఇప్పుడు నీళ్లలో ఎందుకున్నావని అతన్నే అడుగుతామా? నేను రాయను."

ఆ వాక్యాన్ని మరునాడు మరో సర్వేయరు రాసి సంతకం చేశాడు. ఈ వీడ్కోలు వ్యాసం రాస్తున్నది అతడే.

క్లెయిమ్ తిరస్కరించారు. ఆమెను ఆరేళ్లపాటు పాత ఫైళ్ల గదికి పరిమితం చేశారు. ఆ గది నుంచే ఆమె సెలవు పెట్టి వెళ్లి, న్యాయస్థానంలో డ్రైవరు పక్షాన సాక్ష్యం చెప్పారు. మూడో ఏట అతడు గెలిచాడు. అప్పటికే కారు తుక్కు కింద పోయింది, అతడు వేరొకరి బండి నడుపుకుంటున్నాడు. ఏ రక్షణ ఉందో, ఏది లేదో పాలసీదారుకు వివరించి సంతకం తీసుకోవాలన్న నేటి నియమం ఆ తీర్పుతో వచ్చిందే. దాన్ని తన ఘనతగా చెప్పుకుంటున్న ఈ కార్యాలయం ఆమెకు ఇంతవరకూ క్షమాపణ చెప్పలేదు.

పాతవన్నీ మర్చిపోండని మొన్న ఎవరో అంటే, "కోపం తగ్గలేదండీ, తగ్గకూడదు కూడా" అన్నారామె.

సర్వేయరమ్మ గారికి సంపూర్ణ ఆరోగ్యం, నిండు నూరేళ్ల ఆయుష్షు కలగాలని, అందులో ఒక్క పూటైనా మమ్మల్ని క్షమించడం కోసం వృథా చేసుకోకూడదని మనసారా కోరుకుంటున్నాం.