తెరవని టాపు

రాయచెర్లులో నందీష్ పోయిన రోజు నుంచి అతని టాపు తెరిచే కారు షెడ్డులోనే ఉంది. నెల దాటాక అతని తమ్ముడు వదిన దగ్గర మాట కదిపాడు.

“అమ్మేద్దాం వదినా. ఇది 2012 మోడలు, లీటరుకు ఏడు కిలోమీటర్లే ఇస్తాది. దీని బదులు 2018 మోడలు కొంటే పదకొండు ఇస్తాది.”

“మీయన్న లెక్కా అదేనప్పా. టాపు తెరిస్తే గాలికి ఇంకా పెట్రోలు తాగుతాదని ఒక్కసారీ తెరవల్యా. కొత్త మోడలు కొన్నంక తెరుస్తా అన్నాడు.”

“దీంతో ఏం జేస్తావు మరి?”

“టాపు తెరిచి, మన ఊరి చుట్టూ పరిచిన సోలారు పలకల నడుమ హొసకోట దాకా పోతా.”

“ఎండకు నల్లబడతావు వదినా!”

“ఇప్పుడు తెల్లగుండానా ఏంది? ఎంత తాగుతాదో తాగనీ. నువ్వు తోలేది నేర్పు.”

మరుసటి రోజే అతను నేర్పడం మొదలుపెట్టాడు. కారును ముందుకు పోనివ్వడం ఆమెకు వచ్చింది. వెనక్కి తీయడం ఇంకా రాలేదు.