సాఫ్ ఉన్న ఎక్స్‌రే

నాలుగేండ్ల బిడ్డ ఎక్స్‌రేను డాక్టరమ్మ వెలుతురుకు పట్టి చూస్తుంటే, బొగ్గుబాయిల పనిచేసే తండ్రి బిడ్డను ఎత్తుకొని నిలబడ్డడు.

"పిల్లలకు పరీక్షకు తెమడ రాదు, ఎక్స్‌రేతోనే పట్టుకోవాలె. ఇది టీబీయే. ఇంట్ల దగ్గెవరికి?"

"నాకే మేడం. బొగ్గు దుమ్ముకు."

"ఎన్నాళ్లసంది?"

"ఏడాది దాటింది."

"మరి కంపెనీ మెడికల్‌ల ఎక్స్‌రే తియ్యలేదా?"

"పోయిన నెలనే తీసిన్రు. సాఫ్ ఉందన్నరు."

"ఏడాది దగ్గిన ఛాతి సాఫెట్లుంటది?"

అతను తలుపు దిక్కు చూసి గొంతు తగ్గించిండు.

"అన్‌ఫిట్ జేస్తే నౌకరి పోతదని భయపడ్డ మేడం. ఎక్స్‌రేకు నా పేరు మీద మా తమ్ముడు నిలబడ్డడు."

"నౌకరైతే దక్కింది గదా. బిడ్డ ఎవరి దగ్గర పండుతది?"

"నా ఛాతి మీదనే మేడం. లేకుంటే నిద్రపోదు."