సరోజన పేరు మీద

కువైట్‌లో ఆసుపత్రి మంచం మీద నుంచి చెల్లెలు వినోద, కరీంనగర్‌లో బీడీల చేట ముందు కూర్చున్న అక్క సరోజనకు ఫోన్ చేసింది.

"పెట్టెయ్యకక్కా. పెట్టేస్తే మల్ల కలువది."

"పెట్టెయ్యక ఏం జేస్త? ఆరేండ్లకు యాదికొచ్చిందా అక్క?"

"రేపు పొద్దుగాల ఆపరేషన్ నాకు."

"తెలుసు. ఫోన్ల చీటీ ఫోటో పంపినవ్ గద. దవఖాన చీటీ మీద సరోజన అని నా పేరుండె. సూడంగనే నాకే కడుపుల నొచ్చినట్టయింది."

"ఎక్కిరియ్యకు."

"ఎక్కిరిచ్చుడు గాదు. నిజం చెప్పు వినోదా, ఆడ నిన్ను ఎవలన్న వినోదా అని పిలుస్తరా?"

"పందొమ్మిదేండ్ల సంది ఎవలూ పిలువలే. మేడం సరో అంటది. పిల్లలు సరో అంటరు. రాత్రి నిద్రల పిలిచినా సరో అంటెనే లేస్త."

"మంచిగున్నది. ఈడ నన్ను పేరువెట్టి పిలిచేటోళ్ళే లేకపాయె."

"నేనెట్లున్ననో అడుగవా?"

"ఎట్లున్నవ్?"

"నెత్తురాగుతలేదు. నాలుగు నెల్లాయె. గర్భసంచిల గడ్డలున్నయట. తీసెయ్యాలె అన్నరు."

"నాలుగు నెల్లు ఏం జేసినవ్ మరి?"

"పని జేసిన. నేను లేని ఇరవై దినాలకు సరిపోను సమోసలు చుట్టి డబ్బలల్ల పెట్టిన. మాంసం కడిగి సంచులల్ల కట్టి, ఏది ఏ వారం తియ్యాల్నో బొమ్మలేసిన. నా జాగల వచ్చిన పిల్లకు మా మాట రాదు, దానికి అరబ్బీ రాదు. పెద్దమేడం చాయ్‌ల ఇలాచి ఎన్ని పడ్తయో చేతి వేళ్ళు చూపిచ్చి నేర్పిన. నిన్న కూసుండి గోళ్ళకున్న మైదాకు రాకిన. మెట్టెలు రాకపోతె సబ్బు రాసి తీసిన."

"మెట్టెలా? ఇంక పెట్టుకుంటున్నవా? మొగడు ఎల్లగొట్టి ఇరవయ్యేండ్లాయె."

"కాగితం మీద నాకు మొగడున్నడు గద. మీ ఆయన. రాయమల్లు బావ."

"ఆయన పోయి మూడేండ్లాయె."

"ఈడ ఇంక ఎవలకు చెప్పలే. కాగితం మీద బతికే ఉన్నడు."

"మంచిదే. ఒక్క చోటనన్న ఉన్నడు."

"అక్కా..."

"అక్క గిక్క అనకు. ఊకె ఫోన్ చెయ్యవు నువ్వు. అసలు ముచ్చట చెప్పు, నాకు ఆకు ఎండిపోతుంది."

"జరసేపట్ల నీకు నర్సు ఫోన్ జేస్తది. నెల్లూరు దిక్కామె, తెలుగే మాట్లాడ్తది."

"నాకెందుకు చేస్తది?"

"ఏజెంటు అప్పుడు రాయిచ్చిన కాగితాలల్ల నేను ఇద్దరు పిల్లల తల్లినని ఉన్నది. దవఖాన పుస్తకంల గూడ గదే ఎక్కింది. డాక్టరమ్మ చూసి, నీకు ఒక్క కాన్పు గూడ కాలే, గీ కాగితం నీదేనా అన్నది."

"నువ్వేమన్నవ్?"

"ఏడ్చిన. పెంచుకున్న పిల్లలు అన్న. ఇంటి మనిషితోని మాట్లాడి రాసుకుంటం, అటెన్కనే ఆపరేషన్ అన్నది. నీ నంబరిచ్చిన. మా చెల్లె వినోద అని చెప్పిన."

"చెల్లెనా? నేనా?"

"నువ్వు వినోదవు, నలబై ఏండ్లు. నేను మీ అక్క సరోజనను, యాబై ఒకటి. ఇద్దరు పిల్లల్ని పెంచుకున్న. గంతే. ఇప్పుడు నేనే నర్సుననుకో. మీ పేరేంటమ్మా?"

"సరోజన."

"అక్కా, మల్ల అడుగుత. మీ పేరేంటమ్మా?"

"సరోజన. నాలుగుసార్లడిగినా సరోజననే. పేరు గూడ నువ్వే తీసుకపోయినవ్, ఇంక నోరు గూడ గావాల్నా?"

"పేరుతోని నీకేం తక్కువైంది?"

"ఏం తక్కువైందా? నా బిడ్డ జ్యోతిరాణి మస్కట్‌ల నెలలు నిండి ఒక్కతే ఉంటె, పోదామని పాస్‌పోర్టు ఆఫీసుకు పోయిన. అమ్మా, నువ్వు కువైట్‌ల ఉన్నవ్ గద అన్నడు. గిదేంది సారూ, నీ ముంగటనే నిలబడ్డ అన్న. కంప్యూటర్‌ల అట్ల లేదు, పక్కకు జరుగు అన్నడు. పిల్ల ఒక్కతే కన్నది. పిలగాడు మూడు దినాలు బతికిండు. నేను మొఖం గూడ జూడలే."

"నాకు తెల్వది."

"ఎట్ల తెలుస్తది? అవ్వ సచ్చిందంటెనే రాకపోతివి."

"వస్తె మల్ల ఎట్ల పోత? ఏలిముద్రలు పెట్టుమంటరు, పేరు నీది, వేళ్ళు నాయి. దొరికిపోత."

"పోకుంటె ఏమాయె? రెండేండ్లకని ఇచ్చిన పేరు. పందొమ్మిదేండ్లాయె."

"నేనడిగిన్నా నీ పేరు? ముప్పై నిండని ఆడోళ్ళను పంపరని ఏజెంటు అంటె, నావి పట్టుకపో అని ఓటరు కార్డు తెచ్చిచ్చిందెవలు? ఇంట్ల ఉంటె బరువని పంపినవ్."

"బరువన్ననా ఎన్నడన్న?"

"అనాల్నా? పోయే పొద్దు బస్సెక్కియ్యనీకె గూడ రాలే నువ్వు. కిటికిల కెల్లి చూసుకుంటనే ఉన్న, హైదరాబాద్ బస్సు కదిలేదాక."

"రాలే."

"ఎందుకు రాలే?"

"ఆ పొద్దు బీడీలు అప్పజెప్పేదుండె."

"చూసినవా. బీడీలు ముఖ్యం."

"ఆ. ముఖ్యమే. ఫోన్ వస్తె ఉన్నదున్నట్టు చెప్త, తెలుసుకో. సరోజనను నేను, గా మంచమ్మీదున్నది వినోద అని. నా పేరు నాకు రావాలె."

"చెప్పు. ఆపరేషన్ ఆపేస్తరు. మేడంకు చెప్తరు, మేడం పోలీసులకిస్తది. జైలుల పండుకొని నెత్తురంత పోగొట్టుకుంట."

"బెదిరిస్తున్నవా?"

"ఉన్నది చెప్తున్న. రేపు బల్ల మీద నేను పోయినా నీ పేరే పోతది. పెట్టె మీద సరోజన అని రాసి పంపుతరు. తీసుకొని నీకు నువ్వే దినాలు చేసుకో."

"నోరు మూసుకో."

"నేనెప్పుడో మూసుకున్న. అన్ని రాసుకున్నరు పొద్దుగాల్నే. బరువు, బీపీ, చక్కెర. ఏ మందన్న పడదా అంటె ఏం లేదన్న. ఇగ నీ మాటొక్కటే తక్కువున్నది."

"ఏం లేదన్నవా?"

"ఏమున్నది నాకు? చిన్నగున్నప్పుడు దవఖానకు తీస్కపోయినోళ్ళెవలున్నరు నన్ను? నువ్వు తీస్కపోయినవా ఎప్పుడన్న?"

"ఆగు. అది గాదు, మనం ఆసిఫాబాద్‌ల ఉన్నప్పుడు..."

"నీ పాత ముచ్చట్లు నాకొద్దు. చెప్పుకో, నిజమే చెప్పుకో. నాకు అక్క లేదనుకుంట."

"వినోదా, ఒక్క మాట వినవే, పెట్టకు..."

ఆ తరువాత సరోజన మూడుసార్లు చేసింది. వినోద ఎత్తలేదు. పావుగంటకు ఆసుపత్రి నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

"నమస్తే అమ్మా. కువైట్ నుంచి నర్సును మాట్లాడుతున్నాను. సరోజనగారి తాలూకు వాళ్లేనా?"

"ఆ బిడ్డా, నేనే. ముందు జర వినోదకు ఫోనియ్యి."

"ఎవరికండీ?"

"...ఎవలకు లేదు. సరోజనకు."

"ఆవిడను స్కానింగుకు తీసుకెళ్లారు. ఫోన్ ఇక్కడే మంచం మీద ఉంది, మోగుతుంటే చూశాను. మీరు ఆవిడకు ఏమవుతారు?"

"హలో? హలో?"

"అమ్మా, వినపడుతోందా?"

"వినవడ్తుంది. చెల్లెను."

"పేరు చెప్పండి."

"పేరుకేం తొందర. ముందు అడుగవల్సినవి అడుగు."

"సరే. ఆవిడకు పిల్లలెంతమంది?"

"ఇద్దరు."

"కన్నవాళ్లేనా?"

"పెంచుకున్నోళ్ళు. కన్నట్టే సాదింది."

"వయసు ఎంతమ్మా?"

"యాబై ఒకటి."

"చూస్తే అంత అనిపించరు."

"మాది గట్టి వొళ్ళు."

"మీకెన్నేళ్లు?"

"నాకా? నలబై."

"ఇదివరకు ఆవిడకు ఆపరేషన్లు గానీ, పెద్ద జబ్బులు గానీ?"

"లేవు. బిడ్డా, ఒకటి రాసుకో. దానికి పెన్సిలిన్ సూది పడదు."

"దానికా?"

"అక్కకు. మా అక్కకు పడదు."

"ఏమీ లేదని ఆవిడే చెప్పారు కదమ్మా. రేపు ఆపరేషన్‌కు ముందు ఇవ్వాల్సింది ఆ జాతి మందే, చీటీలో రాసి ఉంది."

"ఇయ్యకుండ్రి. దానికి యాదిలేదు. నాలుగేండ్ల పోరి. ఆసిఫాబాద్‌ల కాలుకు ఇనుప మొల దిగితె దవఖానల సూదేపిచ్చిన. బస్టాండు కాడికొచ్చెటాల్లకు మొఖమంత ఉబ్బింది, పెదువులు నల్లగయినయి, ఊపిరి పీకుతుంది. బస్సు ముంగటనే ఉన్నది. ఎక్కితె సస్తదని భుజమ్మీదేసుకొని మల్ల దవఖానకు ఉరికిన. చెప్పు తెగితె తొవ్వల్నే ఇడిశిపెట్టిన. డాక్టరు ఇంకో సూదిచ్చి, పిల్లా, దీనికి జన్మల పెన్సిలిన్ ఇయ్యనియ్యకు అన్నడు. అవ్వ కొడ్తదని ఇంట్ల చెప్పలే. అప్పటి సంది బస్టాండుల అది నిలబడ్డదంటె నాకు గా ఉబ్బిన మొఖమే కనవడ్తది. కువైట్ పోయే పొద్దు తోలియ్యనీకె గూడ పోలేకపోయిన."

"అమ్మా... అది ఆవిడకు నాలుగేళ్లప్పుడా?"

"ఆ."

"మీరే మోసుకెళ్లారా?"

"నేనే. ఇంకెవలున్నరు?"

"ఆవిడకు యాభై ఒకటి, మీకు నలభై అన్నారు. ఆవిడకు నాలుగేళ్లప్పటికి మీరింకా పుట్టనే లేదు కదమ్మా."

"గా లెక్కలు నాకు తెల్వయి బిడ్డా. సూది పడదని రాసినవా లేదా?"

"రాశాను. ఎర్ర సిరాతో రాశాను. చేతికి పట్టీ కూడా కడతాను. డాక్టరుగారితో మాట్లాడి మందు మార్పిస్తాను."

"మల్లొక్కసారి చదువు."

"పెన్సిలిన్ పడదు."

"ఇంకోసారి."

"పెన్సిలిన్ పడదు. అమ్మా, ఈ సంగతి చెప్పినవాళ్ల పేరు ఇక్కడ రాయాలి. తొందరేం లేదు, ఆలోచించుకుని చెప్పండి. మీరు ఏ పేరు చెబితే అదే రాస్తాను, ఇంకేమీ అడగను."

"వినోద అని రాయి. సరోజన ఆడ నీ మంచమ్మీదున్నది. పయిలంగ ఇంటికి పంపు."