నాలాను వెనక్కి తిప్పిన పెట్టె

సాయంత్రం ఆరు. పొద్దుటి నుంచీ వాన. ఎనభై ఆరు ఆగస్టు. పంజాగుట్టలో కుట్టుపని నేర్చుకోవడానికి పోయిన నా ఆడపిల్లలిద్దరూ, వసుమతీ విజయరాణీ, ఇంకా ఇల్లు చేరలేదు. మురుగునీటి నాలా పొంగి రోడ్డెక్కిందనీ బస్సులు ఆగిపోయాయనీ పక్కింటి హుస్సేన్ భాయ్ చెప్పాడు. అమీర్‌పేటలో మా అరుగు మీద నేను నిలబడే ఉన్నాను. నా తమ్ముడు ఎల్లేశం మాత్రం కూర్చుని, ఛాయ్ తాగుతూ చెప్పుకుపోతున్నాడు. పాత పాట పెట్టెలు బాగుచేయడం వాడి పని.

"నాకప్పుడు పదిహేనేండ్లు. నాయిన నేసిన చీర ఇయ్యనీకి ఒక నవాబు ఉండే దేవిడీకి పోయిన. ఆడ మూలకు ఒక పెట్టె, చెయ్యితోని తిప్పితే పాడేది. ముప్పై ఏండ్ల సంది మూగవడ్డదట. లోపల గాలి తిత్తి చినిగింది, అంతే. ఇంత తోలుముక్క అతికిచ్చిన. పాడింది. గా దినమే గీ పిచ్చి వట్టింది నాకు."

"గింతవరకు నమ్ముతం," అన్నాడు ఎదురింటి దర్జీ రాజనర్సయ్య.

"ఆగు నర్సన్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పెట్టె పాడేది బొక్కలు కొట్టిన అట్టలతోని. మా మగ్గం మీద అంచుల పువ్వులు తీసేటివి సుత బొక్కల అట్టలే కదా. తెచ్చి పెట్టెల పెట్టిన. మామిడిపిందెల అంచు మంచిగ పాడింది. నెమళ్ల అంచే జర ముక్కుతోని పాడింది, పడిశం పట్టినట్టు. ఇగ ఉల్టా చేసిన. పెట్టె అట్టలు మగ్గానికెక్కిచ్చిన. చీర దిగింది చూడు, కట్టుకున్నామె నడిస్తే పాట, ఉరికితే జోరు పాట, బస్సెక్కితే కండక్టరు టికెట్లిచ్చుడు మరిచి తాళమేసిండు."

"ఆమె పండుకుంటే?" అన్నాడు హుస్సేన్ భాయ్.

"జోలపాట, భాయ్. అది సుత అడుగుడేంది. గా చీర ఉతికిన నీళ్లు పోయి పంజాగుట్ట నాలాల కలిసినయి. ఇగ నాలా పాడవట్టె. బస్తీల ఒక్కడు నిద్రపోలే. నేను పెట్టె భుజానేసుకొని పోయి, ఒడ్డున నిలవడి, ఉల్టా తిప్పిన. నాలా ఉల్టా పారింది, ఎర్రగడ్డ దాకా. ఆడ పిచ్చి దవాఖానలున్నోళ్లు బయటికొచ్చి చూసి, మాకు నయమైంది, ఇగ మీరు లోపలికి పోండ్రి అన్నరు."

"మరి నిన్నెట్ల విడిచిపెట్టిండ్రు?" అన్నాడు రాజనర్సయ్య.

"పెట్టెను చూసి భయపడ్డరు. గీ వానెంత నర్సన్నా, రెండుసార్లు తిప్పితే రోడ్డు ఎండుతది."

"అయితే తిప్పు," అన్నాను. "పిల్లలు నీళ్ల అవతల ఉన్నరు."

ఎల్లేశం నా మొఖం చూశాడు. గ్లాసు కింద పెట్టి, ప్యాంటు మోకాళ్ల మీదికి మడిచాడు.

"భాయ్, మీ బావి తాడు తీస్కో," అన్నాడు.

ఇద్దరూ వానలోకి దిగారు.

ఏడున్నరకు గేటు చప్పుడైంది. ముందు వసుమతి, నడుముకు తాడుతో. దాని కొంగు పట్టుకుని విజయరాణి. తర్వాత హుస్సేన్ భాయ్. ఆఖరున ఎల్లేశం, చలికి పళ్లు కొట్టుకుంటూ, మాట పెగలక.

నలుగురు. మళ్లీ లెక్కపెట్టాను. నలుగురు.