పెట్టె మీది చిన్నక్షరాలు

బోర్డులు రాసే దుకాణంలో, కొత్త కంప్యూటర్ ముందు బావమరిది కూర్చున్నాడు. బావ జేబుల్లో చేతులు పెట్టుకుని వెనక నిలబడ్డాడు.

"ఎక్కదు బావా. నీ పాత డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ ఈ కొత్త సిస్టంలో నడవదు."

"కొత్త బండికి పాత డ్రైవర్ పనికిరాడంటావ్, అంతేగా?"

"ఏ సిస్టంలో నడుస్తుందో దాని పెట్టె మీదే రాసుంది. కంప్యూటర్ మార్చేముందు చూడొద్దూ?"

"ఆ చీమతలకాయలంత అక్షరాలు ఎవడు చదువుతాడ్రా? నేను మూడడుగుల అక్షరాలు రాసేవాణ్ణి. ఐదో తరగతి తప్పినోడికి ఇప్పుడు పాఠం చెప్పకు."

"ఇందులో నడిచే సాఫ్ట్‌వేర్ వేరే ఉంది. అది వేస్తాను."

"నిన్న అదీ వేయించాను. అ నుంచి క్ష దాకా నేను గీసి దాచుకున్న అక్షరాలు అందులో తెరిస్తే అన్నీ ఖాళీ గళ్ళే."

"అయితే పాత కంప్యూటర్ పట్రా. అందులో తెరిచి మారుద్దాం."

"అది కొత్తది కొన్నచోటే ఇచ్చేశాను. పొద్దున వెళ్తే, విప్పి పారేశామన్నారు."

"అంత పాత సిస్టం ఇంకెక్కడా దొరకదు బావా. నన్నొక్క మాట అడగాల్సింది."

"నవ్వుతావని అడగలేదు."

బావమరిది నవ్వలేదు.

"పోనీ, నీ అక్షరాలేగా. మళ్ళీ గీసుకో. నువ్వు కళ్ళు మూసుకుని గీస్తావ్."

బావ కుడిచెయ్యి జేబులోంచి తీసి చాపాడు. ఎంత బిగబట్టినా వేళ్ళు వణుకుతూనే ఉన్నాయి.

"ఎన్నాళ్ళనుంచి బావా?"

"మీ అక్కకి చెప్పకు" అన్నాడు బావ, చేతిని మళ్ళీ జేబులో దాచుకుంటూ.